ఇల్లు పెంచుకొనుటకు ముందు

(చెన్నపట్టణమున జరిగిన మన సంఘపు నెలసరి కూటములో చేసిన ఉపన్యాస పాఠము)



ఇంజనీరు మాటలాడవలసిన విషయమును గూర్చి ఒక జవుళి వర్తకుడు మాటలాడుట సాహసమే. మా చదువు పదవ తరగతితో ముగిసినది. ఆపైన నేర్చినదంతయు మీటరు బద్ద వద్దను, చిట్టా పుస్తకము వద్దను నేర్చినదే. ఐనను గడచిన ఏడాదిలో మన సంఘము ముందునకు వచ్చిన కుటుంబ వివాదములలో మూడు, మిద్దెమీద వేసిన గదులను గూర్చినవే. నాల్గవది మా ఇంటిదే. కావున ఈ విషయమున మాకుగల అర్హత ఒక్కటే: మేము తప్పు చేసి, దాని వెల చెల్లించినవారము.

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మనవారి సామెత. ఉన్న ఇంటిని పెంచుటలో ఈ రెండు కష్టములును కలిసియుండును. ఏలయనగా, మన ఇండ్లలో గది తలపెట్టునది సాధారణముగా పిల్లవాని పెండ్లి నిశ్చయమైనప్పుడే. ముహూర్తమునకు నాలుగు నెలలున్నవనగా మేస్త్రిని పిలుతుము. ఆ తొందరలో అడుగవలసిన ప్రశ్నలు అడుగము.

మన పూర్వులు ఈ పట్టణమునకు వచ్చి కొన్ని తరములు గడచినవి. నేతపనివారి కొరకు 1734లో వెలసిన చింతాద్రిపేటయందును, ముత్యాలపేటయందును, పురశవాక్కమునందును మనవారి పాత ఇండ్లు నేటికిని ఉన్నవి. ముఖము సన్నము, లోతు ఎక్కువ. వీధివైపు తిన్నె, నడుమ ముంగిలి, వెనుక బావి, పెరడు. ప్రక్క ఇంటికిని మనకును గోడ ఒక్కటే. ఇట్టి ఇంటిలో ఒక కొడుకునకు పెండ్లియైనచో సర్దుకొందురు. ఇద్దరికైనచో చోటు చాలదు. అప్పుడు రెండు దారులు. ఒకటి, చిన్నవాడు ఊరి చివర ఫ్లాటు చూచుకొని పోవుట. రెండవది, ఉన్న ఇంటికి గదులు చేర్చుట.

పోవుట తప్పని మేమనము. ఉద్యోగము దూరమైనచో పోవలసినదే. కాని మనవంటి వారికి ఇంకొక లెక్క కలదు. తమిళనాట 2006లో తమిళ అభ్యసన చట్టము వచ్చిన తరువాత బడిలో తమిళము తప్పనిసరి పాఠమైనది. మనము ఈ నేల ఉప్పు తిన్నవారము. తమిళము నేర్చుట మనకు మేలేకాని కీడు కాదు. కాని మన పిల్లలకు తెలుగు అక్షరము చెప్పు చోటు ఇక ఇల్లే. ఇంటిలోనైనను తల్లిదండ్రులకు తీరిక తక్కువ. అవ్వ అన్నము పెట్టుచు చెప్పు మాటయే వారి తెలుగు వాచకము. అవ్వ ఒక చోటను, మనుమడు ముప్పది కిలోమీటర్ల దూరమునను ఉన్నచో ఆ వాచకము మూతపడును. కావున మిద్దెమీద ఒక గది అనునది మనకు సిమెంటు, ఇటుకల విషయము మాత్రమే కాదు. అందుచేతనే దానిని సరిగా చేయవలెను.

మొదటి ప్రశ్న: ఈ ఇల్లు ఎవరిది?

మేస్త్రిని పిలుచుటకు ముందు పత్రములు తీయుడు. పట్టా ఎవరి పేరనున్నది? తాతగారి పేరనే ఉండిపోయినదా? మూలపత్రము ఎచ్చటనున్నది? మన ఊరివారు విల్లంగపత్రమనెడి ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టులో ఏ తాకట్టైనను కనబడుచున్నదా?

తండ్రి స్వార్జితమైన ఇల్లు, వీలునామా లేకుండ ఆయన గతించినచో, 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము భార్యకును, కొడుకులకును, కూతుండ్రకును, ఆయన తల్లి జీవించియున్నచో ఆమెకును సమాన భాగములు వచ్చును. ఇక పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తి సంగతి. తమిళనాట 1989 సవరణచే అప్పటికి పెండ్లికాని కూతుండ్రకు కొడుకులతోపాటు హక్కు వచ్చినది. 2005 సెప్టెంబరు 9 నుండి దేశమంతటను, పెండ్లియైనను కాకున్నను, కూతురు పుట్టుకతోనే సమాన భాగస్థురాలైనది. ఆ తేదీనాటికి తండ్రి జీవించియుండవలెనన్న నియమము లేదని 2020 ఆగస్టు 11న సుప్రీముకోర్టు తేల్చినది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పత్రముచేతనో, కోర్టు డిక్రీచేతనో పంపకమైపోయిన ఆస్తులకు మాత్రము ఇది తగులదు. మగవారు పంచుకొనువరకు ఆడపడుచులు కాపురముండు ఇంటిలో పంపకము కోరరాదన్న పాత నిబంధనయు 2005లోనే తొలగినది.

ఇది మేము పుస్తకములో చదివి నేర్చినది కాదు. మా నాయనగారు 1200 చదరపు అడుగుల, అనగా అర గ్రౌండు స్థలములో ఇల్లు కలిగియుండిరి. 2012లో మేము మా సొంత సొమ్ముతో పైన రెండు గదులు వేసితిమి. నాయనగారు సంతోషించిరి. కాగితము వ్రాసికొందమని ఎవరికిని తోచలేదు. తోచినను తండ్రి వద్ద కాగితమడుగుట అమర్యాద అనుకొని యుందుము. 2018లో వారు వీలునామా లేకుండ గతించిరి. ఏడాదియైన పిదప మా అక్కచెల్లెండ్రిద్దరును ఇంటి సంగతి మెల్లగా అడిగిరి. మేము, "పైభాగము మేము కట్టితిమి కదా, ఇక మీకేమున్నది?" అంటిమి. ఆ మాట నోట వచ్చిన దినము మరువము. రెండు సంక్రాంతులకు వారు పుట్టింటి గడప తొక్కలేదు. అమ్మ పొంగలి పెట్టి, వాకిలి వైపు చూచుచు కూర్చుండెడిది.

తప్పు మాది. గదులకు డబ్బు పెట్టినంత మాత్రమున స్థలము మనది కాదు. చివరకు మా మేనమామగారు అందరిని ఒకచోట కూర్చుండబెట్టిరి. స్థలము వెల వేరుగను, పాత ఇంటి వెల వేరుగను, మేము వేసిన గదుల వెల వేరుగను కట్టించిరి. అమ్మ తన భాగమును తన పేరనే ఉంచుకొనెను. పెద్దక్కకు మేము మూడు వాయిదాలలో సొమ్ము చెల్లించితిమి. ఆమె విడుదల పత్రము రిజిస్టరు చేసి యిచ్చెను. చెల్లెలు సొమ్ము వద్దనెను. "నేను వచ్చినప్పుడు పండుకొనుటకు క్రింది గది నాదని వ్రాయుము, అన్నా" అనెను. అట్లే వ్రాసితిమి. ఆ గది తాళము నేటికిని ఆమె వద్దనే యున్నది.

కావున మా మొదటి మనవి: గది తలపెట్టిన దినముననే ఆడపడుచులతో సహా అందరిని పిలిచి కూర్చుండుడు. ఎవరు ఎంత పెట్టుచున్నారు, రేపు పంపకము వచ్చినచో దానిని ఎట్లు లెక్కించవలెను, ఎవరు ఎచ్చట ఉందురు అను మూడు మాటలు వ్రాసి అందరును సంతకము చేయుడు. తరువాత న్యాయవాదికి చూపి, కావలసిన పత్రమును రిజిస్టరు చేయుడు. తండ్రి జీవించియుండగా ఒక్క మధ్యాహ్నములో అగు పని, ఆయన పోయిన పిదప ఏండ్లు పట్టును.

రెండవ ప్రశ్న: ఈ గోడలు మోయునా?

మన పాత ఇండ్లపై నున్నది మద్రాసు మిద్దె. టేకు దూలములు పరచి, వాటిమీద చిన్న ఇటుకలను అంచున నిలిపి, మూలవాటుగా సున్నములో పేర్చి, ఆపైన ఇటుక ముక్కలు, సున్నము కలిపి దట్టించి, చివర పలుచని బిళ్లలు పరతురు. అది నూరేండ్లు ఎండకును వానకును ఓర్చును. కాని అది తన బరువును, వడియములు ఎండబెట్టు మన బరువును మోయుటకు కట్టినదే. దానిపై గోడ లేపరాదు.

బరువు లెక్క వర్తకునికి తెలిసిన భాషయే కనుక చెప్పెదము. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పుగల ఒక గదిని తీసికొనుడు. ఘనమీటరు కాంక్రీటు ఇనుముతో కలిసి సుమారు 2,500 కిలోలు తూగును. 5 అంగుళముల శ్లాబు ఆ గదిపై సుమారు మూడున్నర టన్నులు. చాల యెక్కువ యని తోచును. కాని చుట్టును 9 అంగుళముల ఇటుక గోడ 10 అడుగుల ఎత్తున లేపినచో, తలుపులు కిటికీలు తీసివేసినను సుమారు 16 టన్నులు! పైకప్పు కంటె గోడ నాలుగింతలకు మించి బరువు. మనము మేస్త్రితో బేరమాడునది శ్లాబును గూర్చి. ఇంటిని క్రుంగదీయునది గోడ. ఆపైన 1,000 లీటర్ల నీటితొట్టి పెట్టినచో అదియొక టన్ను.

2012లో మాకీ లెక్క చెప్పినవారు లేరు. మేస్త్రి గోడను చేతితో తట్టి, "రాయివలె ఉన్నది, రెండంతస్తులు మోయును" అనెను. అదియే మా పరీక్ష. రెండవ వానకాలమునకు ప్రక్క ఇంటివారితో మాకుగల ఉమ్మడి గోడలో పైనుండి క్రిందికి చీలిక వచ్చినది. వారు మంచివారు కనుక కోర్టుకు పోలేదు. పునాది ప్రక్కను త్రవ్వి చూడగా, పాతవారు మూడడుగుల లోతుననే రాళ్లు పరచి నిలిపియుండిరి. వారి తప్పు లేదు; వారు ఒక్క అంతస్తునకే కట్టిరి. మేము రెండవ అంతస్తు వేసితిమి. దానిని బాగుచేయుటకు మాకైన ఖర్చు, మొదట ఇంజనీరునకు ఇచ్చియుండిన రుసుము కంటె ఎన్నో రెట్లు.

కావున మేస్త్రికి ముందు నిర్మాణ ఇంజనీరును పిలువుడు. ఆయనచే నాలుగు పనులు చేయింపుడు. రెండు చోట్ల పునాది ప్రక్కను గుంట త్రవ్వించి, లోతును, వెడల్పును, మట్టిని చూపించుడు. గోడ మట్టితో కట్టినదో, సున్నముతో కట్టినదో, సిమెంటుతో కట్టినదో చూపించుడు. దూలముల కొనలు గోడలోనికి పోవుచోట చెదయు, చెమ్మయు ఉన్నవేమో చూపించుడు. శ్లాబు ఇల్లైనచో, ముందు చూపుతో పైకి వదలిన ఇనుప కమ్ములు తుప్పుపట్టి సగమైనవేమో చూపించుడు.

గోడలు మోయవని తేలినంతనే ఆశ వదలనక్కరలేదు. లోపల కొత్త పునాదులు తీసి, స్తంభములు లేపి, పైగది బరువంతయు వాటిపైననే నిలుపవచ్చును. ఇటుకకు బదులు తేలిక దిమ్మెలు వాడినచో గోడ బరువు సుమారు మూడవ వంతునకు తగ్గును. ఏదియు కుదరనిచో పెరటిలో వేరుగా ఒక చిన్న వాటా వేయవచ్చును. అదియు కుదరనిచో ఆగుడు. ఇల్లు పెంచకుండుటయు ఒక నిర్ణయమే.

మూడవ ప్రశ్న: గది ఎవరికొరకు?

కొత్త దంపతులకు పైగది ఇచ్చి, ముసలివారిని క్రింద ఉంచుడు. ఇది అందరికిని తెలిసినదే. కాని క్రింద వారికి కావలసినది ముందే చేయరు. పైన పలకరాళ్లు పరచు ధనముతో క్రింద పడకగది ప్రక్కనే ఒక మరుగుదొడ్డి వేయుడు. దాని తలుపు మూడడుగుల వెడల్పుండి బయటికి తెరచుకొనవలెను. లోపల పడినవారిని ఎత్తుటకు అప్పుడే వీలగును. గడప వద్దు. గోడకు పట్టుకొమ్మి బిగించుడు. నేల నున్నగా ఉండరాదు.

మెట్లను గూర్చి ఒక మాట. చోటు చాలదని మేస్త్రి 8 అంగుళముల ఎత్తుతో 15 మెట్లు వేసి ముగించును. పది అడుగుల ఎత్తునకు 6 అంగుళముల మెట్లు 20 కావలెను. అడుగు పెట్టుచోటు 10 అంగుళములైనను ఉండవలెను. మెట్లు నడుమ ఒకసారి మలుపు తిప్పినచో చోటు సరిపోవును. ఆ ఐదు మెట్ల పొదుపువలన అవ్వ మనుమని చూచుటకు పైకి ఎక్కజాలక పోవును. అప్పుడు మనము ఇల్లు పెంచియు ఇంటిని రెండుగా చీల్చినవారమగుదుము.

రెండవ వంటగది వలెనా అని కోడండ్రు అడుగుటకు జంకుదురు, అత్తలు వినుటకు నొచ్చుకొందురు. మా మతము సూటిగా చెప్పెదము: వేయుడు. పొయ్యి రెండైనంత మాత్రమున కుటుంబము రెండు కాదు. ఒక్క పొయ్యి వద్ద ప్రతిదినము మాట పట్టింపు కంటె, రెండు పొయ్యిల నడుమ ఒక గిన్నె కూర ఇటునటు పోవుట మేలు. రేపు పిల్లలు దూరదేశము పోయినచో ఆ భాగమును అద్దెకిచ్చి ముసలివారు కాలము గడుపుదురు. అందులకు వీధినుండి వేరు దారి ఉండునట్లు నేడే గీయించుడు. అద్దెకిచ్చునప్పుడు వ్రాతపూర్వక ఒప్పందము తప్పనిసరి. తమిళనాట 2019 ఫిబ్రవరి నుండి అమలులోనున్న అద్దె చట్టము అది కోరుచున్నది.

2015 డిసెంబరు వరదను, 2023 డిసెంబరు తుపానును మరువకుడు. మిక్కిలి పల్లమునగల ఇండ్లలో విద్యుత్తు మీటరును, స్విచ్చులను ఎత్తునకు మార్చుటకు ఇదియే సమయము. వరదనాడు పైగది మనకును, ప్రక్కవారికిని ఆశ్రయమగును.

అనుమతిని గూర్చి

"పాత ఇల్లే కదా, ఒక గదికి అనుమతి ఏల?" అందురు. కొత్త గదియు కొత్త కట్టడమే. 2019 నాటి తమిళనాడు సమగ్ర అభివృద్ధి, భవన నియమావళి ప్రకారము ఎంత ఎత్తు, ఎంత విస్తీర్ణము, ప్రక్కలను ఎంత ఖాళీ అను లెక్కలున్నవి. 2024 జులైలో చిన్న ఇండ్లకు స్వయం ధృవీకరణ పద్ధతి వచ్చినది: 2,500 చదరపు అడుగులకు మించని స్థలములో 3,500 చదరపు అడుగులకు మించని ఇల్లు. దీనిని చూచి కొందరు అనుమతియే అక్కరలేదని భ్రమపడుచున్నారు. అది కాదు. పత్రములును, పటమును దాఖలు చేసి, రుసుము కట్టి, అనుమతి పత్రము పొందవలసినదే. అధికారి ముందుగా వచ్చి చూడకుండుటవలన బాధ్యత తగ్గలేదు. మన సంతకముపై పెరిగినది. మన ఇంటికి ఏ పద్ధతి వర్తించునో రిజిస్టరైన ఇంజనీరు ద్వారా తెలిసికొని, పటము గీయించి, అనుమతి పొందిన పిదపనే ఇటుక దింపుడు. అనుమతి లేని భాగమునకు బ్యాంకు అప్పు ఈయదు. అమ్మునాడు కొనువాడు వెల తగ్గించును. 2003 నుండి తప్పనిసరియైన వాన నీటి గుంటను మరువకుడు. కొత్త మిద్దెపై పడు నీరు మన బావికే పోవలెను.

సొమ్మును గూర్చి

ఇచ్చట మేము అధికారముతో మాటలాడగలము. మేస్త్రి చెప్పిన మొత్తముపై నూటికి 15 వంతులు విడిగా పెట్టుకొనుడు. పాత ఇంటిలో గోడ తెరచినగాని లోపల ఏమున్నదో తెలియదు. పెండ్లి ఖర్చును, గది ఖర్చును ఒకే చిట్టాలో వ్రాయకుడు. ఒకటి రెండవదానిని మ్రింగును. సిమెంటు, ఇనుము, ఇసుక ఎవరు తెత్తురో, తీగలు, గొట్టములు, రంగు లెక్కలో చేరినవో లేవో కాగితముపై వ్రాయించుడు. పునాదికింత, గోడలకింత, శ్లాబునకింత, పూతకింత అని పని ముగిసిన మీదట చెల్లించుడు. నూటికి ఐదు వంతులైనను ఒక వానకాలము గడచువరకు ఆపుడు. మిద్దె కురిసినదో లేదో చెప్పునది వానయే.

మన పట్టణమునకు పెద్దవాన అక్టోబరు నుండి డిసెంబరు వరకు. కావున సంక్రాంతి పిదప పని మొదలిడి, ఆడికి ముందు పైకప్పు ముగించుట మంచిది. ఎండలో కాంక్రీటునకు నీరు కట్టుటలో లోభము వద్దు. నేడు దొరకు మిశ్రమ సిమెంటునకు 10 దినములైనను తడి ఆరరాదు. శ్లాబు క్రింది ఊతకొయ్యలు 15 అడుగులలోపు నిడివికి 7 దినములకు ముందును, అంతకు మించినచో 14 దినములకు ముందును తీయరాదు. దూలములకు ఇంకను ఎక్కువ. మేస్త్రి పలకలు వేరొక చోట కావలెనని తొందరపెట్టును. అతని తొందర అతనిది, ఇల్లు మనది.

ముగించెదము. మా మిద్దె చీలిక పూడ్చితిమి. సున్నము పూసిన చోట ఇప్పటికిని సన్నని గీత కనబడును. మా పిల్లలు అడిగినప్పుడెల్ల దాని కథ చెప్పుచున్నాము. వారును ఒకనాడు ఆ ఇంటిని మార్చకమానరు. వారు మొదట పునాదిని త్రవ్వి చూడవలెను. అంతకంటె ముందు మేనత్తలను పిలువవలెను.

మీలో ఎవరైనను ఈ ఏడు గది తలపెట్టియున్నచో, ఆదివారము సాయంకాలము పత్రములతో సంఘమునకు రండు. మన సభ్యులలో ఇంజనీరులును, న్యాయవాదులును ఉన్నారు. చూచి చెప్పుటకు వారు రుసుము కోరరు. అక్కచెల్లెండ్రను వెంటబెట్టుకొని రండు.